అడుగు కరకర, లోపల చారు

ఏమే చెల్లీ, షాంఘై కాపురానికి వెళ్తున్నావటగా! ఇల్లు, పిల్లాడి బడి నువ్వెలాగూ చూసుకుంటావు. నేను తిండి సంగతి చెప్తా, విను.

పొద్దున్నే ఏదైనా చిన్న కొట్టు ముందు జనం లైను కట్టారంటే అక్కడ షెంగ్‌జియన్ బావ్ దిగుతోందేమో చూడు. మైదా ముద్దలో పంది మాంసం కూరి, వెడల్పాటి బల్లపరుపు పెనం నిండా ఒకదానికొకటి ఆనించి పేరుస్తారు. నూనెలో కాస్త వేగాక నీళ్ళు పోసి చెక్క మూత పెట్టేస్తారు. అన్నిటికీ సమానంగా సెగ తగలాలని పెనాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉంటారు. నువ్వులు, ఉల్లికాడల తరుగు చల్లి దించుతారు. అచ్చం మన దిబ్బరొట్టె వరసే, అడుగు ఎర్రగా కరకర, పైన మెత్తన.

మరి లోపలికి చారెలా వచ్చిందంటావా? పంది తోలు బాగా ఉడికించిన రసం చల్లారితే గడ్డకడుతుంది. దాన్ని తరిగి మాంసంలో కలిపేస్తారు. పెనం వేడికి అది మళ్ళీ కరుగుతుంది. ఈ ఉపాయం కనిపెట్టిన వాళ్ళకి దణ్ణం పెట్టాలి!

పిండి ఎంత లావు, చారు ఎంత అన్న దాని మీద అక్కడివాళ్ళు రెండు జట్లు. 1932 నాటి దాహూచున్ కొట్టు వాళ్ళది పొంగిన లావు పిండి, చారు తక్కువ. 1990లలో వచ్చిన షావోయాంగ్ వాళ్ళది పల్చటి పొర, చారెక్కువ. నా ఓటు లావు పిండికే. చారు మరీ ఎక్కువైతే నోరు కాలడమే మిగులుతుంది.

పాత కొట్లలో వీటిని లియాంగ్ లెక్కన అమ్ముతారు, లియాంగ్‌కి నాలుగు. లియాంగ్ అంటే 50 గ్రాములు, అదీ పిండి తూకం. తిండిగింజలకి కూపన్లిచ్చిన రోజుల నాటి లెక్క. కూపన్లు 1993లో పోయాయి, లెక్క పోలేదు.

షెంగ్‌జియన్ బావ్‌కి జోడీ కర్రీ పొడి వేసిన గొడ్డుమాంసం సేమ్యా సూపు. కర్రీ అనగానే మనదే అనుకుని చెయ్యి చాపకు, ముందు ఏ మాంసమో అడుగు. యాంగ్‌చున్ నూడుల్స్ ఇంకా మోసం. సోయా సాసు రసంలో ఉల్లికాడలు తప్ప ఏమీ కనిపించవు, కానీ రుచంతా పంది కొవ్వుదే. పందీ గొడ్డూ ముట్టని మీ అత్తగారు వచ్చినప్పుడు లాంజౌ నూడుల్స్ కొట్టుకి తీసుకెళ్ళు. అవి ఎక్కువగా ముస్లింలవి, పంది మాంసం ఉండదు. అక్కడి రసం మాత్రం గొడ్డుమాంసంది. కాబట్టి టమాటా, గుడ్డుతో పొడిగా కలిపినవి చెప్పు.

ఇక షెంగ్‌జియన్ బావ్ తినే పద్ధతి. మొదటి ముద్దకే గబుక్కున కొరికావో, చారు ఎదుటివాళ్ళ చొక్కా మీదికి చిమ్ముతుంది. చిన్న కన్నం పెట్టి, ఊది, చారు జుర్రుకుని, ఆ తర్వాత నల్ల వెనిగర్‌లో అద్దుకో. పార్సెల్ మాత్రం కట్టించకు తల్లీ, ఇంటికొచ్చేసరికి అడుగు మెత్తబడిపోతుంది.