కొనకముందు వజ్రము: మనుమరాలికొక లేఖ

బోధన్



నిజామాబాదులో నగల దుకాణమున పని నేర్చుకొనుటకు కుదిరితివనియు, బంగారపు సంగతి కొంత పట్టుబడినను రవ్వల పొట్లము విప్పినప్పుడు మాత్రము ఏది మేలో ఏది కాదో తెలియక యజమాని ముఖము వంక చూడవలసి వచ్చుచున్నదనియు నీవు వ్రాసిన ఉత్తరము చేరినది. నేను రత్నవర్తకుడను కాను. ఇచ్చటి చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో చెరకు రసమును పరీక్షించుచు ఉద్యోగకాలము గడపినవాడను. అయినను మా వృత్తిలో గడ లావును చూచి తీపిని చెప్పువారిని నమ్మెడివారము కాము. రసపు చుక్కను పరికరమున నుంచి, అందులో వెలుతురెంత వంగెనో చూచి, ఆ పిమ్మటనే బ్రిక్సు అంకెను పుస్తకమున వ్రాసెడివారము. వజ్రపు తళుకునకును మూలము ఆ వంగుటయే గనుక, నాకు తెలిసిన త్రోవనుండియే నీకు చెప్పుటకు సాహసించుచున్నాను.

నీటి వక్రీభవన గుణకము 1.33, సాధారణమైన గాజుది 1.5 ప్రాంతము, వజ్రముది 2.42. ఇంత గాఢమైన పదార్థములోనికి ప్రవేశించిన కిరణము, లోపలి తలమును ఇంచుమించు 24 డిగ్రీలకు మించిన కోణమున తాకెనా, బయటికి పోజాలక లోలోపలనే పరావర్తనము చెందును. అడుగు పలకలను తగిన వాలున చెక్కినచో ఆ వెలుగంతయు పైముఖము గుండ మరల మన కంటికి వచ్చును. బరువు మిగుల్చుకొనవలెనను లోభముతో మిక్కిలి లోతుగానో, పెద్దదిగా కనిపింపజేయవలెనను ఆశతో మిక్కిలి పలుచగానో చెక్కినచో అది ప్రక్కలకును క్రిందికిని జారిపోయి, రాయి నడుమ చీకటిగనో గాజుబిళ్ళవలె వెలవెలబోవుచునో కనబడును. గుండ్రని కోతకు ఏ కొలతలు శ్రేష్ఠములో మార్సెల్ తొల్కోవ్‌స్కీ అను యువకుడు 1919లో గణితముతో లెక్కగట్టి ప్రకటించెను. కావున దుకాణమువారు బరువు, రంగు, స్వచ్ఛత, కోత అని వరుసగా వల్లించునప్పుడు, చివర వచ్చు కోతనే నీవు మొదట చూడుము. తక్కిన మూడును భూమి యిచ్చినవి; ఇది యొక్కటి మనుష్యుని చేతిపని, మోసమునకు గాని నైపుణ్యమునకు గాని తావిచ్చునది.

ఎక్కడ చూడవలెననునది తరువాతి ప్రశ్న. పదునేడవ శతాబ్దమున మన గనులను స్వయముగ దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఐరోపావారు వజ్రమును పగటి వెలుగున పరీక్షింపగా మనవారు రాత్రివేళ గోడలో అడుగు చదరపు గూడు చేసి, అందు లావైన వత్తి గల దీపముంచి, రాతిని వ్రేళ్ళ నడుమ పట్టి నిదానించెడివారని వ్రాసినాడు. నీలి ఛాయ యున్నదేమోయను అనుమానము కలిగినప్పుడు దట్టముగా ఆకులున్న చెట్టు నీడకు కొనిపోయెడివారట. ఒక్కొక్క దోషమున కొక్కొక్క వెలుగు కావలెనని వారెరుగుదురు. నేటి దుకాణములలో తల మీద గ్రుచ్చినట్లు వ్రేలాడు దీపములు మిరుమిట్లను పుట్టించి పసుపు ఛాయను మింగివేయును. నీవు విడిరాతిని తెల్లకాగితము మీద ముఖము క్రిందికి బోర్లించి, ఎండ నేరుగా తగులని కిటికీ ప్రక్కన, పైనుండి గాక ప్రక్కనుండి చూడుము. డి మొదలు జెడ్ వరకు గల రంగు తరగతుల భేదము అట్లే తెలియును. పచ్చని బంగారమున పొదుగు రాతికి డి రంగు కొనుట దుబారాయని నా అభిప్రాయము. జి, హెచ్ తరగతులు చాలును. మనవైపు ఆడవారు మక్కువపడు బ్లూ జాగర్ రాళ్ళ నీలి మెరుపు అతినీలలోహిత కిరణములచే రగులు కాంతి. అది మితముగ నున్న అందమే, అధికమైనచో కొన్ని రాళ్ళు ఎండలో పాలు కలిపినట్లు మసకబారును.

అదే గ్రంథమున టావెర్నియే వ్రాసిన పిల్లల ముచ్చట నీకు చెప్పకుండ ఉండలేను. రామళ్ళకోటయని పండితులు గుర్తించిన గనుల తావున, పది మొదలు పదునైదు పదునారేండ్లలోపు వర్తకుల కొమాళ్ళు ప్రొద్దుటనే ఊరినడుమ చెట్టు క్రింద చేరి, ఒక ప్రక్క తూనికరాళ్ళ సంచియు మరియొక ప్రక్క వరహాల సంచియు పెట్టుకొని కూర్చుండెడివారట. ఎవరైన రాయి తెచ్చినచో అందరిలో పెద్దవాడు చూచి ప్రక్కవానికిచ్చును. అది ఒక్కరును మాటాడకుండ చేతులు మారి మరల పెద్దవానికి వచ్చిన పిమ్మటనే అతడు వెల యడుగును. ఎక్కువ పెట్టి కొన్నచో ఆ నష్టము వాని తల మీదనే. ఒకరి మాట మరియొకరి కంటిని చెరపకుండుటకు ఆ మౌనముకంటె మంచి కట్టడి లేదు. నీవును ధరకాగితము తిప్పి చూడకమునుపే నీ నిర్ణయమును మనసున స్థిరపరచుకొనుము.

లోపముల విషయమున పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము చాలును. మన రత్నశాస్త్రములు రేఖ, బిందువు, కాకపాదము అని పేర్లు పెట్టినవానినే నేడు వీవీఎస్, వీఎస్, ఎస్‌ఐ అని మెట్లు కట్టి చెప్పుచున్నారు. కాకపాదము వంశనాశకరమను భయమును పెద్దలకు వదలిపెట్టుము. చీలిక అంచువరకు వచ్చినదా లేదాయని మాత్రము చూడుము, ఏలయన ముక్కుపుడక రాయి అక్కడనే పగులును. ఆ శాస్త్రములు ఉత్తమ వజ్రమునకు ఆరు కొనలు, ఎనిమిది పలకలు, పండ్రెండు అంచులని చెప్పినది గనిలో దొరకు స్ఫటికమునకు సరిగా సరిపోవును. నీట తేలునన్నది మాత్రము అసత్యము. దాని సాంద్రత నీటికి మూడున్నర రెట్లు. సమ్మెటతో కొట్టి చూచుట అంతకంటె మూర్ఖత్వము, గీత పడనంతటి కఠినమైన రాయియు నాలుగు దిక్కుల చీలు స్వభావము గలది.

చూడకుండ మాట ఇచ్చినవారి పాటు మన ప్రభువులకే తప్పలేదు. నిజాంసాగరు ఆనకట్టను కట్టించిన ఏడవ నిజాము తండ్రి మహబూబ్ అలీఖాను, 1891లో అలెగ్జాండర్ జేకబ్ అను వర్తకుడు చూపిన నమూనాను చూచి 46 లక్షల రూపాయల బేరము కుదుర్చుకొని సగము సొమ్ము ముందే జమకట్టించెను. అసలు రాయి రాగా వలదనెను. వ్యవహారము కలకత్తా హైకోర్టుకెక్కి, జేకబ్ నిర్దోషిగ విడుదలయ్యెను. తుదకు రాజీతో రాయి నిజామునకే చెందెను. 184.75 క్యారెట్లు, అనగా ఇంచుమించు 37 గ్రాముల ఆ వజ్రమును కొడుకు తండ్రి జోటిలో కనుగొని కాగితములపై బరువుగా వాడెనని చెప్పుకొందురు. 1995లో భారత ప్రభుత్వము నిజాము నగలతో దానినికూడ కొన్నది. గోలకొండ సీమనేలినవారు కొన్న ఆ రాయి మాత్రము దక్షిణాఫ్రికాది!

ఇక కన్ను ఓడిపోవు చోటు, వజ్రమువలె కనబడు రాళ్ళ సంగతి. అమెరికన్ డైమండును బరువు పట్టి యిచ్చును, అదే పరిమాణపు వజ్రముకంటె అది ఎంతయో అధికముగ తూగును. మోయిసనైటు వేడి ప్రసరించు తీరును కొలుచు పరికరమును సైతము మోసగించును గాని, భూతద్దముతో ఏటవాలుగ చూచినచో వెనుక అంచులు జంటలుగ కనబడును. ప్రయోగశాలలో పెంచిన వజ్రము సంగతి వేరు: అదియును వజ్రమే, ఊపిరి ఊదినను, గీసినను, తూచినను భేదము తెలియదు. యంత్రములు గల ప్రయోగశాల పత్రము తప్ప వేరు గతి లేదు. ఆ పత్రపు సంఖ్య రాతి నడుము మీద చెక్కియున్నచో భూతద్దముతో సరిపోల్చుము. దానిని పెంచిన రాయియని చెప్పి తక్కువకు అమ్మిన తప్పులేదు, చెప్పకుండుట నేరము. హాల్‌మార్కు ముద్ర బంగారమునకే గాని రాతికి సాక్ష్యము కాదని కొనువారికి నీవే చెప్పుము, వారడుగరు.

బరువును చివర చూడుము. తొంబదియైదు సెంట్లకును నూరు సెంట్లకును, అనగా నిండు క్యారెట్టునకును, కంటికి తేడా లేదు, ధరకు చాల కలదు. అర క్యారెట్టు గుండ్రని రాయి అడ్డుకొలత సుమారు 5 మిల్లీమీటర్లైన, ఒక క్యారెట్టుది ఆరున్నర మాత్రమే.

మీ నాయనమ్మ కమ్మల రవ్వలకు వెల ఎంతయని కూడ అడిగితివి. అవి వెనుక మూసిన పాతకాలపు పని. రాతి క్రింద తళుకురేకు పరచియుండును, తెలుపంతయు దానిదే కావచ్చును. విప్పి తూచినగాని ఎవడును చెప్పజాలడు. విప్పుటకు ఆమె ఒప్పుకొనుట లేదు. కావున మీ యజమాని వెల కట్టెదనన్నను నీవు వలదనుము.

ఇట్లు,
మీ తాత