మెడికల్‌కు ముందే తెలియాల్సింది

మేనల్లుడికి మేనమామ ఉత్తరం.

అబుదాబిలో ఐకాడ్ క్యాంపులో కుదురుకున్నావని మీ అమ్మ చెప్పింది. వెల్డింగ్ మెల్లగా అబ్బుతుంది, దానికి నాకు దిగులు లేదు. ఇంట్లో ఎవరూ నీతో మాట్లాడని విషయం ఒకటుంది, అది చెబుదామనే ఈ ఉత్తరం. 21 ఏళ్లవాడివి, ఆడతోడు కోరుకోవడం తప్పు కాదు. ఏమీ తెలియకుండా అడుగేస్తావేమోనన్నదే నా భయం.

వీసా మెడికల్‌లో తీసే రక్తంలో హెచ్‌ఐవీ చూస్తారు. రెన్యువల్‌కూ చూస్తారు. ఉందని తేలితే అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపేస్తారు. ఏజెంటు కోసం చేసిన అప్పు మాత్రం ఊళ్లో అలాగే ఉంటుంది. అలాగని మెడికల్ పాసైనవాళ్లందరికీ ఏ రోగమూ లేదనుకోకు. సోకిన కొత్తలో హెచ్‌ఐవీ పరీక్షకు దొరకదు. కొన్ని పరీక్షల్లో తేలడానికి 90 రోజుల దాకా పడుతుంది. సిఫిలిస్ పుండు నొప్పి పెట్టదు, దానంతటదే మానుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. పెన్సిలిన్‌తో పోయేదాన్ని సిగ్గుపడి దాచుకుని మెదడు దాకా, గుండె దాకా తెచ్చుకున్నవాళ్లున్నారు. కండోమ్ ఫార్మసీలో దొరుకుతుంది, ప్రతిసారీ వాడాల్సిందే. అది చిరిగితే 72 గంటల్లోపు డాక్టరు దగ్గరికి పో. హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజులు వాడే మందులున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

చట్టం సంగతీ విను. 2022 జనవరి 2 నుంచి అక్కడ అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 18 దాటిన ఇద్దరు పెళ్లి కాకుండా ఇష్టపడి కలిసినా, భర్తో సంరక్షకుడో ఫిర్యాదు చేస్తే కనీసం 6 నెలల జైలు. డబ్బిచ్చి ఆడవాళ్ల దగ్గరికి పోవడం వేరే నేరం. దానికి జైలుతోపాటు దేశం నుంచి పంపించేయడం కూడా ఉండొచ్చు. అలా డబ్బిచ్చి పోయే చోట్ల ఉన్న ఆడవాళ్లలో పాస్‌పోర్టు లాక్కుని మోసం చేసి తెచ్చినవాళ్లు ఉంటారు. ఆ వైపు పోనే వద్దు.

నన్ను ఎక్కువ కలతపెట్టేది నువ్వు దగ్గరయ్యే పిల్ల సంగతి. గర్భం వస్తే మోసేది ఆమె. ఇళ్లలో పనిచేసే అమ్మాయైతే ఉద్యోగం, వీసా, పుట్టింట్లో పరువు, మూడూ ఒకేసారి పోతాయి. అక్కడి చట్టం ప్రకారం బిడ్డ పుడితే ఇద్దరూ పెళ్లి చేసుకోవాలి, లేదా బిడ్డ మాదని ఒప్పుకుని కాగితాలు తీయించాలి; కాదంటే కనీసం 2 ఏళ్ల జైలు. ఆమె వద్దంటే అక్కడితో ఆగిపో. ఆ బిడ్డకు తండ్రినని చెప్పుకునే ధైర్యం లేనివాడు ఆమె దగ్గరికి వెళ్లకూడదు, ఇది నా తీర్పు.

సెలవుకు వచ్చినప్పుడు నీకు సంబంధాలు చూస్తారు. అలాంటిదేమైనా జరిగి ఉంటే ముందు మన ప్రభుత్వ ఆస్పత్రిలో ఐసీటీసీ అనే పరీక్షా కేంద్రానికి పో, హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. ఉన్నా రోజూ మందు వేసుకుంటే మామూలుగా బతకొచ్చు. ఆ మందులూ ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితమే. నిన్ను నమ్మి వచ్చే పిల్లకు ఏదీ దాచకు. నాకు ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, ఏదడిగినా తిట్టను.