ఫ్లూ వైరస్‌పై హనీసకిల్ పువ్వు

చైనా సంప్రదాయ వైద్యంలో జలుబు, జ్వరం, గొంతునొప్పికి తరతరాలుగా వాడుతున్న పువ్వు హనీసకిల్. చైనాలో జిన్‌యిన్‌హువా అంటారు. శాస్త్రీయ నామం లోనిసెరా జపోనికా. తెల్లగా పూసి, తర్వాత పసుపు రంగుకు తిరుగుతుంది. మందుకు మాత్రం ఎక్కువగా విచ్చుకోని మొగ్గలనే కోసి ఎండబెడతారు. వాటిలో క్లోరోజెనిక్ ఆమ్లం, లూటియోలిన్ ఉంటాయి.

పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాల్సిన పేరు ఎంఐఆర్2911. ఇది ఈ మొక్కలో దొరికే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. మామూలుగా ఆర్‌ఎన్‌ఏ వేడికి ఛిద్రమైపోతుంది. ఇది మాత్రం కషాయం మరిగినా నిలుస్తుంది. గ్వానిన్, సైటోసిన్ ఎక్కువగా ఉండటం అందుకు ఒక కారణం. కషాయం తాగిన ఎలుకల ఊపిరితిత్తుల్లోకి ఇది చేరిందని, ఇన్‌ఫ్లుయెంజా-ఎ వైరస్‌లోని పీబీ2, ఎన్‌ఎస్1 జన్యువులను లక్ష్యంగా చేసుకుని దాని వృద్ధిని అడ్డుకుందని నాంజింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ‘సెల్ రీసెర్చ్’ పత్రికలో ప్రకటించారు. పరీక్షించిన వాటిలో హెచ్1ఎన్1, హెచ్5ఎన్1, హెచ్7ఎన్9 రకాలున్నాయి. ఆహారంలోని మొక్కల మైక్రో ఆర్‌ఎన్‌ఏ జంతువుల శరీరంలో ఇలా పనిచేస్తుందా అన్న వాదన శాస్త్రవేత్తల్లో ఇంకా సాగుతోంది. కాబట్టి దీన్ని మనుషులకు రుజువైన చికిత్సగా రాయకూడదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆవిష్కరణకు 2024 వైద్య నోబెల్ విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు దక్కింది. చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015 నోబెల్ తెచ్చిన ఆర్టెమిసినిన్‌తో ఎంఐఆర్2911ను కలపొద్దు. అది మలేరియా మందు, మలేరియా వైరస్ వల్ల రాదు.