పాత వీటెక్ కొన్న మేనల్లుడికి

తిరుపతి



ఎండలు ముదిరినాయి, పొద్దున తొమ్మిదికే వీధిలోకి పోలేకున్నాం. నువ్వు బెంగళూరులో పాత హోండా సిటీ కొన్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఇరవై ఏళ్లు దాటిన బండి వాడికెందుకురా అని బాధపడింది. నేను నీ తరఫునే మాట్లాడినాను. 2001 నాటి 1.5 వీటెక్‌ను తెలిసినవాడెవడూ పాత సామాను అనడు. 106 గుర్రాల బలం, తొక్కే కొద్దీ 7,000 దాకా ఉత్సాహంగా ఎక్కే ఇంజను. మన దేశంలో జీతగాళ్ల చేతికి అందిన తొలి పరుగు కార్లలో అదొకటి. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద ఎస్టీములతో పాటు ఈ సిటీలు కూడా పందేలకు దిగినాయి. మంచి బండినే ఎంచుకున్నావు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూసినాను. అలాయ్ చక్రాలు, కొత్త సీటు కవర్లు, మెరిసే సైలెన్సరు. నేను అడగదలచింది ఫోటోలో పడేది కాదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చినారు? బండి 80,000 కిలోమీటర్లే తిరిగింది, బెల్టు జోలికి పోనక్కరలేదని అమ్మినాయన చెప్పినాడట. ఆ మాట మీద నువ్వు వచ్చే నెల మొగిలి ఘాటు దిగి తిరుపతికి వస్తానంటున్నావు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావు. కాగితం మీద ఉంటే షెడ్డుకు తీసుకుపోయి మేస్త్రీకి చూపించను కూడా పనికొస్తుంది.

ముందు ఆ బెల్టు చేసే పని తెలుసుకో. ఇంజనులో కింద పిస్టన్లతో తిరిగే క్రాంకు, పైన వాల్వులను తెరిచే క్యామ్. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వులు దారి ఇవ్వాలి. ఆ లెక్క తప్పకుండా రెంటినీ కలిపి ఉంచేది పళ్లున్న రబ్బరు పట్టీ ఒక్కటే. నువ్వు 7,000 ఆర్‌పీఎంకు తీసినప్పుడు ఒక్కో వాల్వు సెకనుకు 58 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. నీ ఇంజనులో అట్లాంటి వాల్వులు 16. బెల్టు తెగితే, లేదా నాలుగు పళ్లు ఊడితే, క్యామ్ ఉన్నచోటే ఆగిపోతుంది. క్రాంకు మాత్రం బండి ఊపుకు తిరుగుతూనే ఉంటుంది. తెరుచుకుని నిలబడిన వాల్వును కింది నుంచి పిస్టన్ వచ్చి గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, గైడ్లు పగలొచ్చు, పిస్టన్ తలకే దెబ్బ తగలొచ్చు. హెడ్డు దించక తప్పదు. కొన్ని ఇంజన్లలో వాల్వుకూ పిస్టనుకూ మధ్య ఎడం ఉంటుంది, బెల్టు తెగితే బండి ఆగుతుంది, అంతటితో సరి. నీ ఇంజనులో ఆ ఎడం లేదు.

నేను ఆర్టీసీ డిపోలో పని చేసినన్నాళ్లూ బస్సు ఇంజన్లలో టైమింగ్ గేర్లే చూసినాను. నూనెలో తిరిగే ఇనప పళ్లు. ఇంజను బోరుకు వచ్చేదాకా వాటిని ముట్టుకునే పని ఉండదు. కార్లకు బరువూ చప్పుడూ తగ్గాలి, అందుకని రబ్బరు వచ్చింది. జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ 1962లో తన 1004 మోడల్‌కు ఈ బెల్టు పెట్టి జనానికి అమ్మింది. 1966లో ఫియట్ 124 స్పోర్ట్‌లో ఔరేలియో లాంప్రెడి అనే ఇంజనీరు జంట క్యాములను బెల్టుతో తిప్పించినాడు. ఆ తర్వాత పందెపు కార్ల కంపెనీలూ అదే దారి పట్టినాయి. ఫెరారీ 348, ఎఫ్355 కార్లలో బెల్టు మార్చాలంటే ఇంజను మొత్తం కిందికి దించాల్సిందే. కోట్లు పెట్టి కొన్నవాళ్లు కూడా గడువుకు ఆ పని చేయించుకుంటారు. చివరికి ఈ వరుస కార్లు 2004 నాటి ఎఫ్430తో గొలుసుకు మారినాయి.

హోండా సిటీ కథ కూడా అంతే. 2003 చివర్లో వచ్చిన తర్వాతి సిటీకి గొలుసు పెట్టినారు. అందుకని ఇప్పటి కుర్ర మెకానిక్కులు కొందరు "హోండా అంటే చైనే కదన్నా" అనేస్తారు. నీ బండిది బెల్టు. వాదన పెట్టుకోకుండా పై కవరు విప్పించి చూపించు. నీ స్నేహితుల్లో పాలియో 1.6 గానీ, ఎస్టీమ్ గానీ, పాత బలెనో గానీ, ఆక్టేవియా ఆర్‌ఎస్ గానీ ఉన్నవాళ్లుంటే వాళ్లకూ చెప్పు. అవన్నీ బెల్టు బళ్లే.

ఇక గడువు మాట. అమ్మినాయన చెప్పిన 80,000 నిజమనే అనుకుందాం. కానీ రబ్బరు మీటరును చూసి ముసలిదవదు. వేడికి గట్టిపడుతుంది, నూనె తగిలితే మెత్తబడి ఉబ్బుతుంది, ఊరికే నిలబెట్టినా వయసు మీదపడుతుంది. మన తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ. బానెట్ కింద ఇంకెంత ఉడుకుతుందో ఆలోచించు. బెంగళూరులో ఎండ తక్కువే గానీ ఇంకో తంటా ఉంది. సిల్క్ బోర్డు సిగ్నలు దగ్గర అరగంట నిలబడితే మీటరు కదలదు, బెల్టు మాత్రం ఆ అరగంటా తిరుగుతూనే ఉంటుంది. కంపెనీలు బండిని బట్టి 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల దాకా గడువు పెడతాయి. దాంతో పాటు ఏళ్ల గడువు కూడా రాసి, ఏది ముందొస్తే అది అంటాయి. ఆ రెండో మాటను మనవాళ్లు చదవరు. నీ బండికి నేను పెట్టే గడువు 60,000 కిలోమీటర్లు లేదా ఐదేళ్లు. కంపెనీ పుస్తకంలో ఇంతకంటే ఎక్కువ ఉన్నా సరే, వయసైన ఇంజను కాబట్టి ముందే మార్చు. ఎప్పుడు మార్చినారో బిల్లు లేదంటే ఎప్పుడూ మార్చలేదనే లెక్క వేసుకో.

బెల్టు చూస్తే బాగానే ఉంది మామా అంటావేమో. ఈ విషయంలో కంటిని నమ్మకు. బెల్టుకు బలమిచ్చేది లోపలి గాజు నారల తాళ్లు, వాటిని పైనున్న రబ్బరు కప్పేసి ఉంటుంది. పాత రకం రబ్బరయితే పగుళ్లు తేలేవి. తర్వాతి కాలపు మంచి రబ్బరు చివరిదాకా నున్నగా కనిపిస్తూనే ఉంటుంది. గొలుసు వదులైతే గలగలమని చెబుతుంది. బెల్టు ఆ మాత్రం కూడా చెప్పదు. బావిమోకు తెగేది నిండు కడవ పైకి వచ్చేటప్పుడే. నువ్వు లారీని దాటబోయి గట్టిగా తొక్కినప్పుడే బెల్టు మీద బరువు ఎక్కువ పడుతుంది.

బెల్టు ఒక్కటే మార్చి ఊరుకోకు. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు కూడా మార్చు. నీ ఇంజనులో వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే కాబట్టి పంపు కూడా మార్చు. పంపు బేరింగు పట్టేస్తే కొత్త బెల్టు కూడా తెగుతుంది. క్యామ్ సీలు, క్రాంకు సీలు కొత్తవి వేయించు. అవి కారితే నూనె నేరుగా బెల్టు మీద పడుతుంది. కూలి ఎక్కువయ్యేది అంతా విప్పడానికే. ఎట్లాగూ విప్పిన చోట ఈ సామానుకు అయ్యే ఖర్చు పెద్దది కాదు. పంపు మార్చినాక రేడియేటర్లో బోరు నీళ్లు పోయనీయకు. మన చిత్తూరు వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, పంపులోనూ హెడ్డులోనూ గార కడుతుంది. కూలెంటే పోయించి, గాలి మొత్తం పోయేదాకా ఇంజనును నడిపించు.

సామాను నీకు బెంగళూరు జేసీ రోడ్డులో దొరుకుతుంది. అక్కడ లేకుంటే చెన్నై జీపీ రోడ్డు ఉంది, నేను తెప్పిస్తాను. డబ్బా చూసి మోసపోవద్దు. అచ్చు అసలు దాని మాదిరే ఉండే డూప్లికేట్లు ఉన్నాయి. పార్టు నంబరు సరిచూసుకో, బెల్టు మీద అచ్చు శుభ్రంగా ఉందా, తయారైన తేదీ ఎప్పటిది, పళ్లు ఎన్ని ఉన్నాయి, పాతదాని పక్కన పెట్టి చూడు. బిల్లు లేకుండా కొనకు. కొన్న బెల్టును మడిచి జేబులో పెట్టుకోవద్దు, మెలి తిప్పవద్దు. గాజు నార విరిగితే పైకి ఏమీ తెలీదు.

పని జరిగేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. ఇంజను చల్లగా ఉండాలి, బ్యాటరీ తీగ విప్పాలి. నీ బండిలో బెల్టు ఎడమ చేతి వైపు ఉంటుంది, ఎడమ ముందు చక్రం తీయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు పెట్టించు. క్రాంకు పుల్లీ బోల్టు చాలా బిర్రుగా ఉంటుంది. పానాను నేలకు ఆనించి సెల్ఫ్ కొట్టి ఊడదీసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. అది జారితే మనిషి చెయ్యి పోతుంది, ఒప్పుకోవద్దు. పుల్లీని కదలకుండా పట్టే పనిముట్టు ఉంది, అది ఉన్న షెడ్డుకే పో.

అన్నిటికంటే ముఖ్యం గుర్తులు. పాత బెల్టు తీయకముందే మొదటి సిలిండరు పిస్టన్‌ను పై చివరకు తేవాలి. క్యామ్ చక్రం మీది అప్ అనే అక్షరాలు పైకి ఉండాలి, దాని రెండు పక్కల గీతలు హెడ్డు అంచుతో సమంగా నిలవాలి. కింద క్రాంకు పళ్లచక్రం మీది గుర్తు ఆయిల్ పంపు మీది బాణానికి ఎదురుగా రావాలి. బయటి పుల్లీ మీద ఒకటికి మించి గీతలుంటాయి, వాటిలో కొన్ని ఇగ్నిషన్ టైమింగ్ కోసం పెట్టినవి. అది చూడక తప్పు గీతకు కలిపితే మొత్తం లెక్క పక్కకు పోతుంది. ఇంకొకటి, ఈ ఇంజను చాలా బళ్లకు భిన్నంగా అపసవ్య దిశలో తిరుగుతుంది. చేత్తో తిప్పేటప్పుడు కూడా అటే తిప్పాలి. కొత్త బెల్టు వేసినాక సెల్ఫ్ కొట్టక ముందు పానాతో ఐదారు చుట్లు నిదానంగా తిప్పించి, పుస్తకంలో చెప్పినట్టు టెన్షనర్ సరిచేసి, మళ్లీ గుర్తులు చూడమను. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకూడదు, విప్పి మొదటి నుంచి చూసుకోవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా బండి నడుస్తుంది, కానీ బలం తగ్గి పెట్రోలు తాగుతుంది. క్రాంకు పుల్లీ బోల్టును టార్క్ పానాతో లెక్క ప్రకారం బిగించాలి.

ఇవన్నీ చేసినా దారిలో ఏదైనా జరిగితే ఏం చేయాలో చెబుతాను. బెల్టు తెగితే పెద్ద చప్పుడు రావాలనే నియమం లేదు. ఇంజను ఉన్నట్టుండి చచ్చిపోతుంది. వెంటనే క్లచ్ తొక్కి న్యూట్రల్ చెయ్, లేకుంటే చక్రాలే ఇంజనును తిప్పి మరింత పాడు చేస్తాయి. స్టీరింగు బరువెక్కుతుంది, రెండు చేతులతో పట్టుకో. బ్రేకుకు ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా సాయం మిగిలి ఉంటుంది, ఒక్కసారి తొక్కి పట్టి ఉంచు, పదేపదే వదిలి తొక్కవద్దు. తాళం తీయవద్దు, స్టీరింగు బిగుసుకుంటుంది. పక్కకు తీసి చక్రాలకు రాళ్లు పెట్టు. తర్వాత ఇంకొకసారి చూద్దామని సెల్ఫ్ కొట్టవద్దు. తోయించి స్టార్టు చేయడం అసలే వద్దు. ఒకవేళ అప్పటికే సెల్ఫ్ కొట్టి ఉంటే, అది ఎప్పటికంటే తేలిగ్గా, వేగంగా గిరగిర తిరిగిందంటే బెల్టు తెగిందనే అర్థం. లారీ పిలిపించి ఎక్కించుకుని పో.

డిపోలో మేము సామాను చెడేదాకా చూసేవాళ్లం కాదు. గడువు వచ్చిందంటే నడుస్తున్న భాగాన్ని కూడా విప్పి మార్చేవాళ్లం. నడిచేదాన్ని ఎందుకు తీస్తారని కొత్తగా వచ్చిన పిల్లలు అడిగేవాళ్లు. బస్సులో యాభై మంది ఉన్నారు, వాళ్లకు బదులు చెప్పాల్సింది మనమని చెప్పేవాణ్ణి. నీ కారులో మీ అమ్మ కూర్చుంటుంది. తెగేదాకా నడిపి మిగిల్చిన డబ్బును డబ్బు అనరు అల్లుడూ. పాత వేగపు బండిని పెట్టుకోవాలంటే తొక్కే సరదా ఎంత ఉందో, కనపడని చోట ఖర్చు పెట్టే మనసు అంత ఉండాలి. ఆ మనసు లేకపోతే బండిని దాన్ని చూసుకునేవాడికి ఇచ్చేయడం మేలు. నీకు ఉందనే నా నమ్మకం.

ఒక నోటు పుస్తకం పెట్టు. బెల్టు మార్చిన తేదీ, మీటరు, పార్టు నంబరు, షెడ్డు పేరు అందులో రాయి. అదే వివరం బానెట్ లోపల ఒక చీటీ మీద కూడా అతికించు. మేస్త్రీ అడిగిన కూలిలో బేరం ఆడవద్దు. పాత సామాను నీ చేతికిచ్చి, గుర్తులు నీకు చూపించి, తొందర పడని మనిషి దొరికితే అతన్ని వదులుకోకు.

ఈ పని అయ్యేదాకా కోలారు, ముళబాగిలు, పలమనేరు దారి పట్టవద్దు. ఇంటికి రావాలంటే బస్సు ఎక్కు, లేదంటే రైలుంది. జేసీ రోడ్డులో అడిగి సామాను ధరలు ఈ ఆదివారానికి నాకు చెప్పు. డబ్బు తక్కువైతే మొహమాటపడకు, టెన్షనర్, వాటర్ పంపు నా లెక్కలో వేసుకో. మీ అత్త నీకు ఆశీస్సులు చెప్పమంది.

ఇట్లు,
నీ మేలు కోరే
మేనమామ