ఫోను అబద్ధమాడుతుందా? కృత్రిమ మేధలో రకాలు



మా విచారణ కింద ఉన్న ఒక చిన్న పల్లెలో ప్రతి ఆదివారం దివ్యపూజ ఉండదు. గురువు వెళ్లలేని ఆదివారాలలో ఉపదేశి గారే ప్రార్థన నడిపించి నాలుగు మంచి మాటలు చెబుతారు. ఇటీవల ఆయన తన ప్రసంగాన్ని కాగితం మీద రాసుకుని నాకు చూపించడానికి వచ్చారు. మనవడి ఫోనులో అడిగి రాసుకున్నారట. విషయం బాగుంది, తెలుగు కూడా బాగుంది. మధ్యలో మాత్రం సీరాపుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 52వ అధ్యాయం నుండి అంటూ ఒక వచనం ఉంది. ఆ గ్రంథంలో ఉన్నవి 51 అధ్యాయాలే. పవిత్ర గ్రంథం తెరిచి చూపించేసరికి పెద్దాయన ముఖం వాడిపోయింది. "ఏం ఫాదర్, ఫోను కూడా అబద్ధమాడుతుందా?" అన్నారు.

మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే, మనం అందరం ఒకే పేరుతో పిలుస్తున్న ఈ కృత్రిమ మేధ నిజానికి ఒకటి కాదని ముందుగా తెలుసుకోవాలి. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన సమావేశంతో ఈ పేరు స్థిరపడింది. అప్పటి నుండి ఎన్నో రకాల యంత్రాలు ఆ ఒక్క పేరు కిందే చేరాయి. ఒక్కొక్క రకం పొరపాటు పడే తీరు వేరు. మన ఇళ్లకు కావలసింది ముఖ్యంగా ఆ తేడాయే.

మొదటిది, మనిషి రాసిచ్చిన సూత్రాల ప్రకారం నడిచేది. 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మైసిన్ అనే కార్యక్రమాన్ని తయారు చేశారు. రోగి లక్షణాలు ఇవి అయితే, పరీక్షలో ఇది కనబడితే, రక్తంలో చేరిన క్రిమి ఫలానాది కావచ్చు, ఈ మందు ఇవ్వండి. ఇలాంటి సూత్రాలు అందులో కొన్ని వందలు ఉండేవి. "ఎందుకలా అన్నావు?" అని అడిగితే తాను వాడిన సూత్రాన్ని అది చూపించగలిగేది. 1997లో చదరంగ వీరుడు కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎమ్ వారి డీప్ బ్లూ కూడా ఈ వంశానిదే. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను పరిశీలించేది. కానీ చదరంగం తప్ప మరొకటి దానికి రాదు. ఇటువంటి యంత్రం తప్పు చేస్తే ఏ సూత్రం దగ్గర తప్పిందో వెదికి పట్టుకోవచ్చు, ఆ సూత్రం రాసినవారిని అడగవచ్చు.

రెండవది, ఉదాహరణల నుండి నేర్చుకునేది. మన పిల్లలకు కుక్క అంటే ఏమిటో మనం నిర్వచనం చెప్పి నేర్పం. పది కుక్కలను చూస్తారు, పదకొండవదాన్ని వారే గుర్తుపడతారు. అదే విధంగా, వేలకొద్దీ చేతిరాత అంకెలు చూపించి, ఉత్తరాల మీద పిన్‌కోడు వంటి అంకెలను చదవడం 1989 నాటికే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో యంత్రానికి నేర్పారు. ముఖాలను గుర్తించే యంత్రాలు, ఎక్స్‌రేలో మచ్చను పట్టేవి, అక్కరలేని ఈమెయిళ్లను వేరుచేసేవి, అన్నీ ఈ జాతివే. 2016లో గో అనే ఆటలో కొరియా వీరుడు లీ సెడోల్‌ను 4-1 తేడాతో ఓడించిన ఆల్ఫాగో కూడా ఇలా నేర్చుకున్నదే. అయితే అది ఉదాహరణలు చూడడంతో ఆగక, తనతో తానే లెక్కలేనన్ని ఆటలు ఆడి గెలుపోటముల నుండి కూడా నేర్చుకుంది.

ఈ రెండవ రకానికి ఉన్న బలహీనత మనకు బాగా తగిలేది. చూపించిన ఉదాహరణలు ఎలాంటివో దాని చూపు అలాంటిది. 2018లో అమెరికాలో ఇద్దరు మహిళా పరిశోధకులు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వ్యాపార సంస్థల యంత్రాలను పరీక్షించారు. తెల్లని మగవారి విషయంలో తప్పులు ఒక శాతం కూడా లేవు. నల్లని స్త్రీల విషయంలో ఒక యంత్రం చేసిన తప్పులు 34.7 శాతం. ఎవరూ పనిగట్టుకుని ద్వేషంతో చేసింది కాదు. నేర్చుకోవడానికి ఇచ్చిన ఫోటోలలోనే మనలాంటి ముఖాలు తక్కువ! రేపు ఇలాంటి యంత్రమే పింఛను ఇవ్వాలా, అప్పు ఇవ్వాలా అని తేల్చే రోజున "ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగితే, చూపించడానికి దాని దగ్గర సూత్రం ఉండదు. అందువల్లనే తేల్చే బల్ల దగ్గర జవాబు చెప్పే మనిషి ఒకరు ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం.

ఉపదేశి గారిని కంగారు పెట్టింది ఈ రెండవ రకానికి పుట్టిన బిడ్డ. గుర్తుపట్టడంతో ఆగక, తానే మాటలను, బొమ్మలను, గొంతులను పుట్టిస్తుంది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైనప్పటి నుండి ఇది ఇంటింటికీ చేరింది. ఇది ఎలా పని చేస్తుంది? జపమాల చెప్పేటప్పుడు ముందుండి చెప్పేవారు సగం ప్రార్థన ముగించగానే, మిగిలిన సగం మన నోట దానంతటదే వస్తుంది కదా. మనసు పొయ్యి మీది పాలమీద ఉన్నా సరే! ఈ యంత్రం కూడా కొండలంత రాతను నమిలి, ఈ మాట తరువాత ఏ మాట రావడం సహజమో అంచనా వేసి, ఒక్కొక్క ముక్కే పేర్చుకుంటూ పోతుంది. వచనం ఎలా వినబడుతుందో దానికి బాగా తెలుసు. అలాంటి వచనం నిజంగా ఉన్నదా లేదా అన్నది వేరే ప్రశ్న. పుస్తకం తెరిచి చూసుకోకుండా మాటలు పేర్చినప్పుడు ఆ ప్రశ్న దానికి ఎదురే కాదు. అబద్ధమాడాలంటే నిజం తెలిసి దాచాలి. ఇది అబద్ధమూ ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఉపదేశి గారికి ఆ మాటే చెప్పాను. సగం ఊరట కలిగినట్టుంది.

గొంతుల సంగతి మరీ జాగ్రత్త. మా విచారణలో ఒక తల్లికి, దుబాయిలో ఉన్న కొడుకు గొంతుతో ఫోను వచ్చింది. పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపమని ఏడుపు. ఆమె గాజులు తాకట్టు పెట్టడానికి బయలుదేరింది. కోడలు తెలివిగలది గనుక, కొడుకు అసలు నంబరుకు ఫోను చేసింది. అతను భోజనం చేస్తున్నాడు! కొద్దిపాటి మాటల రికార్డు దొరికితే చాలు, ఆ గొంతును ఈ యంత్రాలు అచ్చుగుద్దినట్టు పలికిస్తాయి. అటువంటి ఫోను వస్తే పెట్టేయండి. మీకు తెలిసిన నంబరుకు మీరే చేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫిర్యాదు చేయండి.

ఇక చివరి రకం, మనిషిలాగా ఏ పనినైనా గ్రహించి చేయగలిగే సార్వత్రిక మేధ. కొన్ని సంస్థలు దాని కోసమే పాటుపడుతున్నాయి. అలాంటిది ఇప్పటికే వచ్చిందని నిపుణులు ఒప్పుకోలేదు. సెమినరీలో తత్వశాస్త్రం చదివిన పాత అలవాటు కొద్దీ ఇక్కడ ఒక మాట. 1980లో జాన్ సెర్ల్ అనే తత్వవేత్త ఒక గదిని ఊహించమన్నాడు. చైనా భాష రాని మనిషి అందులో కూర్చుని, సూచనల పుస్తకం చూసి, లోపలికి వచ్చిన చైనా అక్షరాలకు సరైన అక్షరాలు బయటికి పంపుతుంటాడు. బయటివారు అతనికి చైనా భాష వచ్చనే అనుకుంటారు. పని జరిగింది, అర్థం కావడం మాత్రం జరగలేదు. ఈ వాదానికి ఎదురు జవాబులు చాలా ఉన్నాయి, తగాదా నేటికీ తెగలేదు. 2025 జనవరి 28న రోము నగరం వెలువరించిన 'ఆంతీక్వా ఎత్ నోవా' అనే పత్రం కూడా ఈ పరిమిత మేధకూ సార్వత్రిక మేధకూ తేడా చెప్పి, పునీత తోమాసు అక్వినాసు బోధను గుర్తు చేస్తూ, మనిషి బుద్ధిని అతడు చేయగల పనుల జాబితాతో కొలవరాదన్నది. 2025 మేలో ఎన్నికైన పోపు 14వ లియో గారు ఆ పేరు ఎన్నుకోవడానికి చెప్పిన కారణాలలో ఇదీ ఒకటి. 1891లో 13వ లియో గారు యంత్రాగారాల కాలపు కార్మికుల గురించి రాసినట్టే, నేడు ఈ యంత్రాల విషయంలో మనిషి గౌరవాన్ని గురించి మాట్లాడవలసి ఉందన్నారు.

ఉపదేశి గారు ఆ ఆదివారం ఏం చేశారని అడుగుతారేమో. లేని 52వ అధ్యాయాన్ని కొట్టివేసి, ఉన్న 51వ అధ్యాయాన్ని మొదటి నుండి చివరి వరకు, 30 వచనాలూ చదివి వినిపించారు. కొంచెం పొడుగైందని పిల్లలు గొణిగారట.