కాంతి చేసే చప్పుడు

మునిగుడ కొండలపై మెరుపు మెరిసిన కాసేపటికి ఉరుము వినిపిస్తుంది. మెరుపు వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించడమే ఉరుముకు కారణం.

ఆగి ఆగి పడే కాంతిని పీల్చుకొన్న వస్తువు కూడా ధ్వని చేస్తుందని 1880లో గ్రాహంబెల్ కనుగొన్నాడు.

కొన్ని లేజరు మెరుపులు సెకనులో లక్షకోట్లవ వంతు కూడా ఉండవు. మామూలు గడియారాలు వాటిని కొలవలేవు. అందుకని శాస్త్రజ్ఞులు ఒక మెరుపును రెండుగా చీల్చి, ఒకదానిని కొంచెం ఎక్కువ దూరం నడిపిస్తారు. తీవ్రత రెట్టింపయితే నాలుగింతల కాంతిని పీల్చుకొనే పదార్థంపై రెండింటినీ పంపుతారు. రెండూ ఒకేసారి చేరితే ధ్వని పెరుగుతుంది, ఎడమైతే తగ్గుతుంది. ఎంత దూరం తేడాకు ధ్వని తగ్గిందో చూసి, కాంతి వేగాన్నిబట్టి కాలాన్ని లెక్కగడతారు.

గడియారం ఓడిన చోట కొలబద్ద, చెవి గెలిచాయి.