పడవ గ్రంథాలయం నుండి పాఠాల భాండాగారం వరకు

పాఠం ఉద్దేశం

చదువు తరగతి గదిని దాటి కంప్యూటర్‌లోకి, చేతిలోని ఫోనులోకి విస్తరించింది. దూరాన ఉన్న సర్వర్‌లో పాఠాల ఫైళ్ళు ఎలా నిలువ ఉంటాయో, విద్యార్థి తన కంప్యూటర్‌ను వాటితో ఎలా అనుసంధానించుకోవాలో, ఆ పనిలో పాటించవలసిన జాగ్రత్తలేమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విజ్ఞానాన్ని సంపాదించడం ఎంత కష్టమో, దానిని నిలుపుకొని పదిమందికి అందించడం కూడా అంతే కష్టం. కృష్ణా డెల్టా ప్రజలకు ఈ సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి పెద్దల కృషివల్ల గ్రంథాలయోద్యమం పల్లెలకు పాకింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవలో పేర్చి కృష్ణా కాలువ వెంబడి పల్లెలకు పంపే ఏర్పాటు చేశారు. గ్రంథాలయం దాకా రాలేని పాఠకుని వద్దకు గ్రంథాలయమే తరలివచ్చింది.

అయితే పడవలోని పుస్తకానికి కొన్ని పరిమితులున్నాయి. ఒకరు తీసుకొన్న పుస్తకం తిరిగి వచ్చేవరకు మరొకరికి దొరకదు. నీట తడిస్తే అది చదవడానికి పనికిరాదు. కంప్యూటర్ ఫైలుకు మొదటి ఇబ్బంది లేదు. ఒకే ఫైలును వేయిమంది ఒకేసారి చదివినా అది తరగదు. రెండవ ఇబ్బంది తొలగాలంటే మాత్రం ఆ ఫైలు ఎక్కడ ఉన్నదో, దాని ప్రతులు ఇంకెక్కడ ఉన్నాయో తెలిసి ఉండాలి.

విజయవాడలోని ఆటోనగర్ లారీల బాడీ నిర్మాణానికి, వాహనాల మరమ్మతులకు పేరుపొందిన ప్రాంతం. అక్కడి షెడ్డులో పనిచేసే మేస్త్రి అన్ని విడిభాగాలనూ తన దగ్గరే నిలువ ఉంచుకోడు. ఏ భాగం ఏ దుకాణంలో దొరుకుతుందో, ఏ బండికి ఏ నెంబరు భాగం సరిపోతుందో తెలుసుకొని, అవసరమైన వేళ తెప్పించుకొంటాడు. పాఠాల భాండాగారం కూడా అటువంటిదే. అధ్యాపకుడు పాఠాలను, పటాలను, వీడియోలను ఒక సర్వర్‌లో ఉంచుతాడు. విద్యార్థి తనకు కావలసిన దానిని కావలసినప్పుడు తెప్పించుకొంటాడు.

ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా చదువుతూ ఆటోనగర్ షెడ్డులో శిక్షణ పొందే విద్యార్థిని ఇందుకు ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఉదయం మేస్త్రి లారీ ఎయిర్‌బ్రేకును విప్పి చూపుతాడు. సాయంత్రం ఆ విద్యార్థి అధ్యాపకుడు నిలువ చేసిన ఎయిర్‌బ్రేకు పటాన్ని తెరచి చూస్తే, ఉదయం చేతితో తాకిన భాగాల పేర్లు, వాటి పనితీరు బోధపడతాయి. చేతిపని, పుస్తక విద్య ఒకచోట కలవాలంటే ఆ పటం వేళకు అందాలి.

ఇటువంటి భాండాగారాలు క్రమక్రమంగా రూపొందాయి. 1999లో వెబ్‌డావ్ అనే ప్రమాణం వెలువడింది. అంతవరకు వెబ్‌ను ఎక్కువమంది చదవడానికే వాడుతుండగా, దూరపు సర్వర్‌లోని ఫైళ్ళను మార్చడానికి, కొత్తవి చేర్చడానికి ఈ ప్రమాణం ఒక పద్ధతిని ఏర్పరచింది. 2002లో ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డుగియామస్ రూపొందించిన మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ విడుదలై, ఆ తరువాత ఎన్నో దేశాల విద్యాసంస్థలకు చేరింది. మన దేశంలో 2003లో ఐఐటిలు, బెంగుళూరు ఐఐఎస్‌సి కలిసి ఎన్‌పిటెల్ అనే పాఠ్యపథకాన్ని ప్రారంభించాయి. 2017 జూలైలో స్వయం అనే వేదిక మొదలైంది. ఎన్‌పిటెల్ ఉపన్యాసాలలో కొన్నింటి పాఠ్యప్రతులు తెలుగులో కూడా లభిస్తున్నాయి.

కంప్యూటర్‌ను భాండాగారంతో అనుసంధానించడానికి మూడు విషయాలు అవసరం. మొదటిది చిరునామా. అది సంస్థ ఇచ్చినదే కావాలి. అక్షరం తేడా ఉన్నా మోసగాళ్ళు పెట్టిన నకిలీ గుమ్మంలో కాలు పెట్టినట్లే. చిరునామా ‘హెచ్‌టిటిపిఎస్’ అని మొదలైతే ఆ మార్గంలో పోయే సమాచారాన్ని మధ్యలో ఇతరులు చదవలేరని అర్థం. అంతమాత్రాన ఆ గుమ్మం నిజమైనదని చెప్పడానికి వీలులేదు. రెండవది గుర్తింపు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ విద్యార్థి ఎవరో తెలియజేస్తాయి. మూడవది అనుమతి. అధ్యాపకుడు ఫైలును మార్చగలడు. విద్యార్థికి చాలాసార్లు చదివే అనుమతి మాత్రమే ఉంటుంది. తాళంచెవి ఉన్నవారందరికీ అన్ని గదులూ తెరచుకోవు.

అనుసంధానంలో మూడు పద్ధతులున్నాయి. మొదటిది బ్రౌజర్‌లో భాండాగారాన్ని తెరచి కావలసిన ఫైలును దించుకోవడం. ఇది సులభమైనది. కాని దించుకొన్న ప్రతి అక్కడితో ఆగిపోతుంది. అధ్యాపకుడు మరునాడు పాఠంలో తప్పు దిద్దినా, విద్యార్థి దగ్గరి ప్రతిలో ఆ తప్పు అలాగే ఉంటుంది.

రెండవది దూరపు ఫోల్డరును కంప్యూటర్‌లో ఒక డ్రైవ్‌గా అమర్చుకోవడం. విండోస్‌లో ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ అనే సౌకర్యాన్ని ఎంచుకొని, డ్రైవ్‌కు ఒక అక్షరం కేటాయించి, చిరునామా, పాస్‌వర్డ్ ఇవ్వాలి. అప్పుడు దూరాన ఉన్న ఫోల్డరు సొంత కంప్యూటర్‌లోని ఫోల్డరు వలెనే కనిపిస్తుంది. నిజానికి ఫైళ్ళు అక్కడే ఉంటాయి. ఇంటర్నెట్ ఆగితే అవి అందవు. వెబ్‌డావ్ ద్వారా ఈ పని చేసే విండోస్ భాగానికి ఇకపై అభివృద్ధి ఉండదని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. అందువల్ల ఏ పద్ధతిని వాడాలో సంస్థ సూచనలనుబట్టి నిర్ణయించుకోవాలి.

మూడవది సమకాలీకరణ. ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోని ఫోల్డరును, సర్వర్‌లోని ఫోల్డరును ఎప్పటికప్పుడు సరిచూసి, రెండింటినీ ఒకే విధంగా ఉంచుతుంది. కంప్యూటర్‌లో ప్రతి ఉన్న ఫైలును ఇంటర్నెట్ లేనప్పుడు కూడా చదువుకోవచ్చు.

ఫైలు రావడానికి పట్టే కాలాన్ని విద్యార్థి స్వయంగా లెక్కించుకోవచ్చు. ఫైలు పరిమాణాన్ని మెగాబైట్లలో, ఇంటర్నెట్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. ఒక బైటుకు 8 బిట్లు. కనుక 500 మెగాబైట్ల వీడియో అంటే 4000 మెగాబిట్లు. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో అది 400 సెకన్లలో, అంటే సుమారు 7 నిమిషాలలో వస్తుంది. అదే పాఠం 2 మెగాబైట్ల వ్యాసంగా ఉంటే 2 సెకన్లు కూడా పట్టదు. పేద విద్యార్థికి డేటా ఖర్చు కూడా లెక్కే. వీడియోతోపాటు పాఠ్యప్రతిని కూడా ఉంచిన అధ్యాపకుడు అతనికి ఎంతో మేలు చేసినవాడవుతాడు.

ఇక్కడ ఒక సత్యాన్ని మరువరాదు. అనుసంధానం వేరు, భద్రత వేరు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇంట్లోకి చేరిన వరదనీరు పుస్తకానికీ కంప్యూటర్‌కూ మధ్య భేదం చూడదు. సంవత్సరమంతా శ్రమించి తయారుచేసిన ప్రాజెక్టు ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటే, ఆ కంప్యూటర్‌తోపాటు ప్రాజెక్టు కూడా పోతుంది. దూరపు సర్వర్‌లో ప్రతి ఉంటే అది మిగులుతుంది.

కాని సర్వర్‌ను మాత్రమే నమ్ముకోవడం కూడా ప్రమాదమే. సమకాలీకరణలో ఒకచోట పొరపాటున చెరిపిన ఫైలు రెండవచోట కూడా చెరిగిపోతుంది. కొన్ని సేవలు చెరిపిన ఫైలును కొంతకాలం దాచి ఉంచినా, గడువు తీరితే అది తిరిగిరాదు. భాండాగారం సంస్థది, చదువు ముగిసిన తరువాత విద్యార్థికి ప్రవేశం ఉండకపోవచ్చు. అందువల్లనే ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలని, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలని, అందులో ఒకటి వేరే చోట ఉండాలని నిపుణులు చెబుతారు. కంప్యూటర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, సర్వర్‌లో ఒకటి ఉంటే ఈ నియమం నెరవేరుతుంది.

పదిమంది వాడే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌ను దాచమని ఆదేశించరాదు. పని ముగియగానే లాగౌట్ చేయాలి. స్నేహితునికి పాఠం కావాలంటే ఫైలును అధ్యాపకుని అనుమతితో ఇవ్వవచ్చు గాని, పాస్‌వర్డ్ ఇవ్వరాదు. పాస్‌వర్డ్ తెలిసిన వ్యక్తి చేసే ప్రతి పనీ దాని యజమాని పేరుమీదే నమోదవుతుంది.

ఆనాటి పడవ గ్రంథాలయానికి కాలువ ఎంత అవసరమో, పుస్తకాన్ని జాగ్రత్తగా చదివి తిరిగి ఇచ్చే పాఠకుడు కూడా అంతే అవసరం. నేటి భాండాగారానికి తీగలు, సర్వర్లు మార్గాన్ని ఏర్పరచాయి. ఆ పాఠకుని బాధ్యతను స్వీకరించవలసినవాడు విద్యార్థి.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
కంప్యూటర్‌ను పాఠాల భాండాగారంతో అనుసంధానించే పద్ధతులను, వాటి గుణదోషాలను వివరించండి.

ఆ) లఘు సమాధాన ప్రశ్నలు
1. పడవలోని పుస్తకానికి, కంప్యూటర్ ఫైలుకు గల భేదమేమి?
2. అనుసంధానానికి అవసరమైన మూడు విషయాలేవి?
3. 300 మెగాబైట్ల ఫైలు సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో ఎన్ని నిమిషాలలో వస్తుంది?

ఇ) సందర్భాన్ని తెలిపి వ్యాఖ్యానించండి
1. తాళంచెవి ఉన్నవారందరికీ అన్ని గదులూ తెరచుకోవు.
2. అనుసంధానం వేరు, భద్రత వేరు.

ఈ) విడదీసి సంధుల పేర్లు రాయండి
గ్రంథాలయం, విద్యార్థి, గ్రంథాలయోద్యమం

ఉ) విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి
వరదనీరు, గుణదోషాలు, మూడు ప్రతులు